నాన్న చర్మం ముక్క అడుగుతున్నారు, ఇవ్వచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి అరవై ఆరేళ్లు. పార్కిన్సన్స్ బయటపడి ఎనిమిదేళ్లయింది. కుడిచేతి వణుకుతో మొదలై ఇప్పుడు నడక దాకా వచ్చింది. మందు పనిచేస్తున్నంతసేపూ బాగానే ఉంటారు. ఈమధ్య ఆయన్ని చూసే డాక్టరు ద్వారా ఒక పరిశోధన బృందం వాళ్లు మమ్మల్ని కలిశారు. నాన్న చేతి మీంచి చిన్న చర్మం ముక్క గానీ కొంచెం రక్తం గానీ తీసుకుని, ఆ కణాలను మూలకణాలుగా మార్చి, వాటితో మెదడు కణాలు తయారుచేసి జబ్బును పరిశీలిస్తారట. పోలిక కోసం నా రక్తం కూడా కావాలన్నారు. నాన్న వెంటనే ఒప్పేసుకున్నారు. "నాకు కాకపోయినా ఇంకొకరికి పనికొస్తుంది" అంటున్నారు గానీ, లోపల తనకే ఏదో మేలు జరుగుతుందని ఆశపడుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. జబ్బు మనిషి ఒంట్లోంచి ముక్క కోయడమేమిటని అమ్మ గొడవ. తమ్ముడు ఇంకోటి పట్టుకొచ్చాడు: "మీ సొంత మూలకణాలతో పార్కిన్సన్స్‌కు చికిత్స" అని ఒక క్లినిక్ ప్రకటన. ల్యాబ్‌కి ఊరికే ఇచ్చే బదులు డబ్బు కట్టి ఇక్కడే చేయిద్దాం అంటాడు. అసలు చర్మంలోంచి మెదడు కణం ఎలా వస్తుంది? దానివల్ల నాన్నకు ఏమైనా ఒరుగుతుందా? నా రక్తం ఇస్తే నాకూ జబ్బు వస్తుందో లేదో బయటపడుతుందా? అది తలుచుకుంటేనే నిద్ర పట్టడం లేదు.
ఒక కూతురు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో చాలా ప్రశ్నలున్నాయి గానీ మీకు ముందు కావాల్సిన జవాబు ఇది. ల్యాబ్‌కి చర్మం ఇచ్చినందువల్ల మీ నాన్నగారి జబ్బు తగ్గదు, నెమ్మదించదు కూడా. అది చికిత్స కాదు. అలాగని ఇవ్వకూడదనీ కాదు. కాగితం చదివి, ఆయన మనస్ఫూర్తిగా సరేనంటే నిశ్చింతగా ఇవ్వచ్చు. తమ్ముడు తెచ్చిన ప్రకటన సంగతి వేరు, దాని జోలికి పోవద్దు. ఎందుకో చెబుతాను.

పార్కిన్సన్స్‌లో చచ్చిపోయేవి మెదడు లోపల బాగా కిందుగా, సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న చోట ఉండే న్యూరాన్లు, అంటే నరాల కణాలు. కదలికలను అదుపు చేయడానికి మెదడు వాడే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసేవి అవి. చేయి వణకడం మొదలయ్యే నాటికే వాటిలో చాలా భాగం పోయి ఉంటాయి. కాలేయం జబ్బయితే సూది గుచ్చి ఇంత ముక్క తీసి చూస్తారు. బతికున్న మనిషి మెదడులో అంత లోతు నుంచి, కేవలం పరిశోధన కోసం ముక్క తీయడం జరిగే పని కాదు. అందుకే చాలాకాలం పరిశోధకులకు దిక్కయింది చనిపోయిన రోగుల మెదళ్లే. ఇల్లంతా కాలిపోయాక బూడిద తిరగేసి నిప్పు ముందు ఏ గదిలో అంటుకుందో చెప్పమన్నట్టుంటుంది ఆ పరీక్ష. చివరికి ఏం మిగిలిందో తెలుస్తుంది, మొదట ఏం చెడిందో తెలియదు.

ఎలుకలున్నాయి కదా అంటారేమో. ఎలుకలకు పార్కిన్సన్స్ దానంతటది రాదు. మనుషుల్లో జబ్బు తెచ్చే జన్యు మార్పునే తీసుకెళ్లి వాటిలో పెట్టినా, మనలో చచ్చినట్టు ఆ న్యూరాన్లు వాటిలో చావవు చాలాసార్లు. 2017లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో దిమిత్రి క్రైంక్ బృందం చూపించిన సంగతి ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. రోగుల కణాల నుంచి తయారైన న్యూరాన్లలో డోపమినే ఆక్సీకరణం చెంది పేరుకుపోయి, కణంలో చెత్తను అరగదీసే లైసోజోముల పనిని దెబ్బతీస్తోంది. అదే జన్యు లోపం పెట్టిన ఎలుక న్యూరాన్లలో ఆ తంతు కనపడలేదు. డోపమిన్‌ను వాడుకునే తీరు ఎలుకల్లో వేరు, మనలో వేరు. మనిషి జబ్బును మనిషి కణంలోనే చూడాలనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఇక చర్మం మెదడెలా అవుతుందంటే, మీ నాన్నగారి చర్మం కణంలోనూ మెదడు కణంలోనూ ఉండే డీఎన్ఏ ఒక్కటే. ఏ జన్యువులు తెరుచుకుని ఉన్నాయి, ఏవి మూసుకుని ఉన్నాయి అన్నదే తేడా. 1962లో జాన్ గర్డన్ తోకకప్ప పేగు కణం లోపలి కేంద్రకాన్ని తీసి, సొంత కేంద్రకం పనిచేయని గుడ్డులో పెడితే దాన్నుంచి తోకకప్పలు పుట్టాయి. అంటే ఎదిగిన కణంలోనూ పాత సమాచారమంతా చెక్కుచెదరకుండా ఉంటుందన్నమాట. దాన్ని గుడ్డు లేకుండా, ల్యాబ్‌లో కణాలను పెంచే డిష్‌లోనే వెనక్కి మళ్లించవచ్చని 2006లో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీలో షిన్యా యమనక, ఆయన దగ్గర పనిచేసే కజుతోషి తకహాషి చూపించారు. 24 జన్యువులతో మొదలుపెట్టి ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతే చివరికి నాలుగు మిగిలాయి. ఆ నాలుగిటినీ ఎలుక చర్మం కణాల్లోకి పంపితే అవి పిండంలోని మూలకణాల్లా, అంటే ఒంట్లోని ఏ కణంగానైనా మారగల కణాల్లా తయారయ్యాయి. మరుసటి ఏడాదే మనిషి కణాలతోనూ అది సాధ్యమైంది. అదే సమయానికి అమెరికాలో జేమ్స్ థామ్సన్ బృందం కాస్త వేరే జన్యువుల జట్టుతో అదే ఫలితం సాధించింది. 2012లో గర్డన్‌కీ యమనకకీ కలిపి నోబెల్ ఇచ్చారు. ఇలా తయారైన వాటిని ఐపీఎస్ కణాలంటారు. మీకిచ్చిన కాగితాల్లో ఈ పేరే ఉంటుంది, చూడండి.

మీ నాన్నగారి విషయంలో జరగబోయేది ఇది. ముంజేతి లోపలివైపు చిన్న మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. మంట పుట్టేది అప్పుడే, తర్వాత ఏమీ తెలియదు. కొసన గుండ్రటి బ్లేడు ఉండే చిన్న పరికరం ఒకటుంటుంది. దాన్ని చర్మానికి ఆనించి అటూ ఇటూ తిప్పితే మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున ముక్క ఊడి వస్తుంది. ఒక కుట్టు వేస్తారు, లేదా పట్టీ అంటించి పంపేస్తారు. ల్యాబ్‌లో ఆ ముక్కను ఇంకా సన్నగా తరిగి డిష్ అడుగున అంటించి, పైన పోషకద్రవం పోసి, 37 డిగ్రీల ఇన్‌క్యుబేటర్‌లో పెడతారు. ఈ ద్రవాన్ని వాళ్లు మీడియం అంటారు. కొన్నాళ్లకు ముక్క అంచుల నుంచి సన్నగా పొడుగ్గా ఉన్న కణాలు బయటికి పాకడం మొదలుపెడతాయి. డిష్ నిండాక వాటిలోకి ఆ నాలుగు జన్యువులను పంపాలి. తొలి రోజుల్లో ఇందుకు వాడిన వైరస్‌లు కణం డీఎన్ఏలోకి చొరబడేవి. ఆ నాలుగింటిలో ఒకటి క్యాన్సర్‌తో సంబంధమున్నది కావడంతో, అలాంటి కణాలతో పుట్టించిన ఎలుకల్లో కొన్నింటికి కణితులు లేచాయి. ఇప్పుడు ఎక్కువగా వాడే సెండాయ్ వైరస్ డీఎన్ఏ జోలికి పోదు. కణాలు విభజన చెందేకొద్దీ పలచబడి మాయమవుతుంది.

తర్వాత మూడు నాలుగు వారాలు ఎదురుచూపే. వేల కణాల్లో ఏ ఒకటో రెండో దారి మళ్లుతాయి. మైక్రోస్కోపులో చూస్తే, అడ్డదిడ్డంగా పరుచుకున్న పొడుగాటి కణాల మధ్య ఒకచోట చిన్న చిన్న గుండ్రటి కణాలు ఒత్తుగా గుంపుకట్టి, అంచు మెరుస్తూ కనపడతాయి. కాలనీ అంటారు దాన్ని. సూదికొసతో జాగ్రత్తగా లేపి కొత్త డిష్‌లో వేస్తారు. ఇక అక్కడి నుంచి దాదాపు రోజూ మీడియం మార్చాలి, ఆదివారమైనా సరే. కాస్త అశ్రద్ధ చేస్తే కాలనీ అంచుల్లో కణాలు తమ ఇష్టం వచ్చినట్టు వేరేగా మారిపోతాయి, వాటిని ఏరి పారేయాలి. ఈ రంగంలో పీహెచ్‌డీ చేసే పిల్లల్ని సెలవు రోజు కలుద్దామంటే ముందు కణాల సంగతి చూసి వస్తామంటారు. అది సాకు కాదు పాపం.

ఆ తర్వాత క్రోమోజోములు సరిగా ఉన్నాయో లేదో చూడాలి, కణాలు నిజంగా మూలకణాలేనా అని పరీక్షించాలి. ఇవన్నీ అయ్యాకే న్యూరాన్ల పని మొదలు. పిండంలో మధ్యమెదడు ఏర్పడేటప్పుడు కణాలకు ఏ సంకేతాలు ఏ వరసలో అందుతాయో, అవే సంకేతాలను రసాయనాల రూపంలో అదే వరసలో డిష్‌లో అందించాలి. డోపమిన్ న్యూరాన్లకు నమ్మదగ్గ పద్ధతిని 2011లో న్యూయార్క్‌లో లోరెంజ్ స్టూడర్ బృందం ఇచ్చింది. దీనికి మరో రెండు మూడు నెలలు. అంటే మీ నాన్నగారు ఈరోజు చర్మం ఇస్తే, ఆయన న్యూరాన్లు డిష్‌లో కనపడేసరికి ఎంత లేదన్నా ఆరేడు నెలలవుతుంది. అది కూడా అన్నీ సవ్యంగా సాగితే. నెల తిరిగేసరికి ల్యాబ్ నుంచి ఫోన్ వస్తుందని ఆయన ఎదురుచూస్తుంటే ఈ మాట ఇప్పుడే చెప్పండి.

ఇంత శ్రమపడి ఏం తెలుసుకున్నారని అడగవచ్చు మీరు. 2008లో హార్వర్డ్‌లో కెవిన్ ఎగ్గన్ బృందం కండరాలను నడిపే నరాలు క్రమంగా చచ్చిపోయే ఏఎల్ఎస్ అనే జబ్బు ఉన్న 82 ఏళ్ల మహిళ చర్మం నుంచి కండరాలను నడిపించే మోటార్ న్యూరాన్లు తయారుచేసింది. రోగం ముదిరిన, అంత పెద్ద వయసు మనిషి నుంచి కూడా ఇది కుదురుతుందని మొదటిసారి తేలింది. మీకు దగ్గరగా ఉండే ఉదాహరణ 2011లోది. ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ జన్యువు మామూలుగా రెండు ప్రతులుండాల్సింది, నాలుగు ఉన్న ఒక కుటుంబం ఉంది. అందులో పార్కిన్సన్స్ తీవ్రంగా వస్తుంది. రోగి కణాల నుంచి వచ్చిన న్యూరాన్లలో ఆ ప్రొటీన్ దాదాపు రెట్టింపు ఉంది. దేనికి రెట్టింపు? అదే కుటుంబంలో జబ్బు లేని దగ్గరి రక్తసంబంధీకుల న్యూరాన్లతో పోలిస్తే. మీ రక్తం అడగడం వెనక ఉన్న లెక్క ఇదే. పక్కన పెట్టి చూడటానికి ఆరోగ్యవంతుల కణం లేకపోతే, రోగి కణంలో కనపడ్డది జబ్బా, ఆ మనిషి తీరే అంతా అన్నది ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఇంకా గట్టి పోలిక ఒకటుంది. రోగి కణంలోనే జన్యు లోపాన్ని, డీఎన్ఏలో కోరిన చోట మార్పు చేసే సాధనమైన క్రిస్పర్‌తో సరిదిద్ది, సరిదిద్దినదాన్నీ సరిదిద్దనిదాన్నీ పక్కపక్కన పెంచుతారు. రెండూ ఒకే మనిషివి, తేడా ఆ ఒక్క అక్షరమే. ఎల్ఆర్ఆర్‌కే2 అనే జన్యువులో మార్పున్న రోగుల న్యూరాన్లలో కొమ్మలు పొట్టిగా ఉంటే, ఆ మార్పు సరిచేశాక మళ్లీ పెరిగాయి. అప్పుడిక అది యాదృచ్ఛికం అనడానికి వీల్లేదు.

చిక్కు ఎక్కడంటే, పార్కిన్సన్స్ వచ్చినవాళ్లలో ఫలానా ఒక్క జన్యువే కారణమని చెప్పగలిగేది పదిమందిలో ఏ ఒకరికో. మిగతావాళ్లలో సరిచేయడానికి ఒక అక్షరం అంటూ ఉండదు. చిన్న చిన్న జన్యు తేడాలు, వయసు, చుట్టూ ఉన్న పరిస్థితులు అన్నీ కలిసి తెచ్చిపెట్టే జబ్బు అది. ఇలాంటి వాళ్ల కణాల్లో తేడా పట్టుకోవడానికి ఎంతోమంది రోగుల కణాలు కావాలి. 2020లో లాస్ ఏంజెలిస్‌లోని సీడర్స్ సైనాయ్ బృందం, తెలిసిన జన్యు లోపమేదీ లేకుండానే చిన్న వయసులో జబ్బు వచ్చిన కొందరి కణాలతో చేసిన న్యూరాన్లలో ఆల్ఫా సైన్యూక్లిన్ పేరుకోవడం చూసింది. అలాంటివి ఇప్పటికీ కొద్దిగానే దొరుకుతున్నాయి. మీ నాన్నగారిది ఒక్క జన్యువుకు సంబంధించినది కాకపోతే, ఆయన కణాలు వందలమంది కణాల మధ్య ఒకటిగా పనికొస్తాయి తప్ప విడిగా వాటి కథంటూ ఒకటి బయటికి రాకపోవచ్చు.

ఈ పద్ధతికి లోలోపల ఉన్న అసలు బలహీనత వేరే. చర్మం కణాన్ని వెనక్కి మళ్లించేటప్పుడు దాని మీద పడ్డ వయసు ముద్రలు కూడా చెరిగిపోతాయి. అరవై ఆరేళ్ల మనిషి నుంచి వచ్చిన న్యూరాను, డిష్‌లో పిండంలోని న్యూరానంత లేతగా ఉంటుంది. పార్కిన్సన్స్ చూస్తే ముసలితనాన్ని అంటిపెట్టుకుని వచ్చే జబ్బు. లేత కణంలో ముసలి జబ్బును వెతకడం ఎంత కష్టమో ఆలోచించండి. దీన్ని దాటడానికి రకరకాలుగా తంటాలు పడుతున్నారు. 2013లో స్టూడర్ బృందం, పిల్లలకు అకాల వృద్ధాప్యం తెచ్చే ప్రొజెరిన్ అనే ప్రొటీన్‌ను న్యూరాన్లలో పుట్టించి వాటిని బలవంతంగా ముసలివి చేసింది. నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది ఇంకో దారి: మూలకణం దశే లేకుండా చర్మం కణాన్ని నేరుగా న్యూరానుగా మార్చడం. అలా మారిన కణాల్లో మనిషి వయసు గుర్తులు మిగిలి ఉంటాయని 2015లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో చూపించారు. హంటింగ్టన్స్ అనే మరో మెదడు జబ్బులో, ఐపీఎస్ దారిన వచ్చిన న్యూరాన్లలో మామూలుగా కనపడని ప్రొటీన్ ముద్దలు, ఇలా నేరుగా మార్చిన న్యూరాన్లలో కనిపించాయి. కాకపోతే న్యూరాన్లు విభజన చెందవు, కాబట్టి ఈ దారిలో ఎప్పటికప్పుడు కొత్త చర్మం కణాలతో మొదలుపెట్టాలి. మీకు చర్మమా రక్తమా అని ఎంపిక ఇచ్చారు గనక చెబుతున్నాను: ఐపీఎస్ కోసమైతే రక్తం చాలు. నేరుగా మార్చే పని కూడా ఉందంటే వాళ్లకు చర్మమే మేలు. ఏది చేయబోతున్నారో అడగండి.

నాన్నకు ఏమైనా ఒరుగుతుందా అన్నారు. ఆయన కణాల మీద పనిచేసిన మందు ఆయన బతికుండగా ఆయన చేతికి వచ్చే అవకాశం చాలా తక్కువ. డిష్‌లో పనిచేసింది మనిషిలో పనిచేస్తుందని చూపించడానికే ఏళ్లు పడుతుంది, అందులో చాలావరకు మధ్యలోనే ఆగిపోతాయి. అయితే ఒక అడ్డదారి ఉంది. ఇప్పటికే వేరే జబ్బుకు వాడుతున్న మందుల్ని రోగుల న్యూరాన్ల మీద పరీక్షించడం. జపాన్‌లోని కెయో యూనివర్సిటీలో హిదెయుకి ఒకానో బృందం ఏఎల్ఎస్ రోగుల మోటార్ న్యూరాన్ల మీద వెయ్యికి పైగా మందులు వేసి చూస్తే, నిలిచిన వాటిలో ఒకటి రోపినిరోల్. బహుశా మీ ఇంట్లో ఈ పేరు వినే ఉంటారు, అది పార్కిన్సన్స్ మందే! దాన్ని 20 మంది ఏఎల్ఎస్ రోగులతో పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. మందు తట్టుకోగలిగారు, జబ్బు నెమ్మదించిన సూచనలూ కనపడ్డాయి. 20 మందితో అంతకుమించి చెప్పలేం. అలాగే ఫిట్స్‌కు వాడిన ఎజోగబీన్ ఏఎల్ఎస్ న్యూరాన్ల అతి ఉద్రేకాన్ని తగ్గిస్తుందని డిష్‌లో చూసి, 65 మంది రోగులకు ఇస్తే వాళ్ల నరాల్లోనూ ఆ ఉద్రేకం తగ్గింది. రోగి చర్మం ముక్కలో మొదలైన ఆలోచన మందుబిళ్లగా రోగి దాకా వెళ్లగలదని ఈ రెండూ చెబుతాయి. వెళ్లింది మాత్రం ముక్క ఇచ్చిన మనిషి దగ్గరికి కాదు. మీ నాన్నగారి మొదటి మాట, ఇంకొకరికి పనికొస్తుందన్నది, అక్షరాలా నిజం. రెండోది, ఆయన పైకి అననిది, మీరే మెల్లగా సరిదిద్దాలి. ల్యాబ్ వాళ్లు మర్యాదకొద్దీ ఆ పని చేయరు.

"కణాలు తయారుచేస్తారు కదా, వాటినే మెదడులో పెట్టేయొచ్చు కదా" అని తమ్ముడు అడిగి ఉంటాడు. తప్పు ప్రశ్నేమీ కాదు. క్యోటోలో జున్ తకహాషి బృందం 2018లో అదే మొదలుపెట్టింది. ఏడుగురు పార్కిన్సన్స్ రోగుల మెదడులో రెండువైపులా, వేరే దాత ఐపీఎస్ కణాల నుంచి పెంచిన డోపమిన్ కణాలు పెట్టి, 2025లో ఫలితాలు ప్రకటించారు. కణితులు రాలేదు. మెరుగుదలను లెక్కగట్టిన ఆరుగురిలో నలుగురికి, మందు ప్రభావం లేని సమయంలో కదలికలు కాస్త మెరుగుపడ్డాయి. అంతకుముందు అమెరికాలో ఒక రోగికి ఆయన సొంత చర్మం నుంచే తయారైన కణాలు పెట్టిన సంగతి 2020లో ప్రచురితమైంది. ఒక్కరంటే ఒక్కరికి! ఇవన్నీ పుర్రెకు రంధ్రం చేసి, గురి చూసి, ఏళ్లతరబడి స్కాన్లతో వెంటాడుతూ చేసే పరీక్షలు. పెట్టబోయే కణాల్లో మారకుండా మిగిలిన మూలకణాలు ఉన్నాయా అని వెతకడమే పెద్ద పని, ఎందుకంటే అవి గనక మిగిలితే కణితి కడతాయి.

ఇప్పుడా ప్రకటన మళ్లీ చదవండి. ఒక్క పూటలో పని అయిపోతుందని ఉందా? కొవ్వులోంచో ఎముక మజ్జలోంచో తీసిన కణాలను రక్తనాళంలోకో వెన్నులోకో ఎక్కిస్తామని ఉందా? పార్కిన్సన్స్, మోకాళ్లు, ఆటిజం, షుగర్ అన్నిటికీ అదే చికిత్సా? అయితే అందులో నేను పైన చెప్పిన కణాల్లో ఒక్కటీ లేదు. కొవ్వు కణం రక్తంలో తిరిగి తిరిగి మెదడుకెళ్లి డోపమిన్ న్యూరాన్ కాదు. పోనీ, పనిచేయకపోతే పోయేది డబ్బే కదా అనుకోవడానికీ లేదు. పక్షవాతం వచ్చిన ఒకాయన మూడు దేశాల్లో ఇలాంటి క్లినిక్‌లలో వెన్నులోకి ఇంజెక్షన్లు చేయించుకుంటే వెన్నులో గడ్డ పెరిగిందని, అందులోవి ఆయన సొంత కణాలు కావని 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో డాక్టర్లు రాశారు. మరుసటి ఏడాది అదే పత్రికలో, ఫ్లోరిడాలో సొంత కొవ్వు కణాలను కళ్లలోకి ఎక్కించుకున్న ముగ్గురు ఆడవాళ్ల చూపు దెబ్బతిన్న సంగతి వచ్చింది. "మీ సొంత కణాలే కాబట్టి ప్రమాదం లేదు" అనే మాట ఆ ముగ్గురూ విన్నదే అయ్యుంటుంది. తమ్ముడికి ఒక గుర్తు చెప్పండి: నిజమైన పరీక్షలో పాల్గొనేవాళ్ల దగ్గర చికిత్సకని డబ్బు పుచ్చుకోవడం చాలా అరుదు. డబ్బు అడిగారంటే అక్కడే ఆగిపోవాలి.

మీ రక్తం సంగతికి వద్దాం, నిద్ర పాడుచేస్తున్నది అదే గనక. మీ రక్తంతో తయారైన న్యూరాన్ని ఎంతసేపు చూసినా మీకు జబ్బు వస్తుందో రాదో అది చెప్పదు. చెప్పగలిగితే గిగితే మీ డీఎన్ఏ చదివితేనే, అది కూడా మీ నాన్నగారిలో ఒక్క జన్యువు లోపం దొరికినప్పుడే. అలా దొరికినా, ఎల్ఆర్ఆర్‌కే2 లాంటిదైతే ఆ మార్పు మీకు వచ్చి ఉండే అవకాశం సగం. మీలో ఆ మార్పు ఉన్నా, అది ఉన్నవాళ్లలో చాలామందికి వృద్ధాప్యం దాకా జబ్బే రాదు. ఒక్క జన్యువు ప్రమేయం లేని మామూలు పార్కిన్సన్స్ అయితే, తండ్రికి ఉన్నందువల్ల మీకు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే రెండు మూడు రెట్లు. అసలు అవకాశమే చిన్నది కాబట్టి రెండు మూడు రెట్లయినా చిన్నదే. ఇక ల్యాబ్ వాళ్లకు మీ రక్తమే దిక్కని కూడా అనుకోవద్దు. జన్యు లోపం అనుమానం ఉన్న కుటుంబంలో, సగం జన్యువులు పంచుకున్న కూతురు అంత శుభ్రమైన పోలిక కాదు. ఇలాంటి పరిశోధనల్లో తరచూ అడిగేది జీవిత భాగస్వామిని: దగ్గరి వయసు, ఒకే ఇల్లు, వేరే జన్యువులు. అంటే గొడవ చేస్తున్న మీ అమ్మగారే వాళ్లకు మీకంటే ఎక్కువ పనికొస్తారు! మీకు ఇవ్వాలని లేకపోతే లేదని చెప్పండి. నాన్నగారు పాల్గొనడానికి దాంతో సంబంధం ఉండదు, ఉండకూడదు.

సంతకానికి ముందు కాగితంలో కొన్ని సంగతులు వేలుపెట్టి వెతకండి. జన్యువులు చదువుతారా, చదివితే ఫలితం మీకు చెబుతారా, వద్దనే హక్కు ఉందా అన్నది మీకు అన్నిటికంటే ముఖ్యం. మీరు వద్దనుకుంటే "చెప్పవద్దు" అన్న గడి నింపండి. ఒకవేళ ఏదైనా చెప్పినా, పరిశోధన ల్యాబ్ ఫలితాన్ని నేరుగా నమ్మకుండా, విడిగా వైద్య పరీక్ష చేయించి, జన్యు సలహాదారుతో మాట్లాడాకే దాని మీద ఆలోచించండి. రెండోది, ఈ కణాలు చావవు. గడ్డకట్టించి దాస్తారు, ఎప్పుడంటే అప్పుడు మళ్లీ పెంచుతారు, మీ నాన్నగారి తర్వాత కూడా, ఇప్పుడు ఎవరూ ఊహించని పనులకు కూడా. ఇతర ల్యాబులకు, మందుల కంపెనీలకు ఇస్తారా, మినీ మెదళ్లలాంటివి (డిష్‌లో పెంచే చిన్న మెదడు కణజాలపు ఉండలు) పెంచుతారా, జంతువుల్లో పెడతారా, వీటిలో దేనికైనా వద్దనొచ్చా? పేరు తీసేసి ఒక కోడ్ వేస్తారు నిజమే, కానీ కణం నిండా ఉన్నది ఆయన జన్యు సమాచారమే, అందులో సగం మీదీ తమ్ముడిదీ. దాన్ని ఎవరు చూడగలరో రాసి ఉండాలి. మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. అప్పటిదాకా వేరే చోటికి వెళ్లిపోయినవి, అచ్చయిపోయిన వివరాలు మాత్రం వెనక్కి రావు. రేపు ఏ కంపెనీయైనా లాభపడితే మీకు వాటా ఉండదని సాధారణంగా రాస్తారు. నాకైతే అది అన్యాయంగానే తోస్తుంది. ఉన్న పద్ధతి మాత్రం అది. కొన్ని బృందాలు ఇదే సందర్భంలో, తదనంతరం మెదడు దానం సంగతి కూడా ఎత్తుతాయి. అది వేరే నిర్ణయం, అదే రోజు అదే బల్ల దగ్గర తేల్చాల్సింది కాదు.

సంతకం పెట్టాల్సింది నాన్నగారే, మీరో తమ్ముడో కాదు. మాట్లాడే పని మందు బాగా పనిచేస్తున్న వేళకు పెట్టుకోండి. ఒళ్లు బిగుసుకుపోయి మాట రాని గంటలో ఎవరైనా త్వరగా అవతలపడాలనే చూస్తారు. అలాగే జబ్బు మొదట ఏ వైపు వచ్చింది, ఏ ఏడాది, ఏ మందుకు ఎలా ఉన్నారు, వాసన తెలియకపోవడం, నిద్రలో కాళ్లూ చేతులూ విసరడం లాంటివి ముందెప్పుడైనా ఉన్నాయా అన్నది ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. డిష్‌లో ఏం కనపడినా దాన్ని ఆ మనిషి జబ్బు చరిత్ర పక్కన పెట్టి చూస్తేనే అర్థమవుతుంది. ఆ చరిత్ర మీ కుటుంబానికి తెలిసినంతగా ఆసుపత్రి ఫైలుకు తెలియదు.

అమ్మగారికి ముక్క ఎంతుంటుందో చూపించండి, కందిగింజంత కూడా ఉండదు. అయినా ఆవిడ మనసు ఒప్పకపోతే రక్తమే ఇవ్వండి, నేరుగా మార్చే పద్ధతి వాళ్ల ప్రణాళికలో లేనంతవరకూ ఎవరికీ నష్టం లేదు. చర్మమే ఇస్తే ఆ చోటు ఒకటి రెండు రోజులు తడవకుండా చూసుకోవాలి, చిన్న మచ్చ మిగులుతుంది. ఆ రోజు పార్కిన్సన్స్ మాత్రలు రోజూ వేసుకునే వేళకే వేసుకోవాలి, అపాయింట్‌మెంట్ కోసం వెనక్కీ ముందుకీ జరపొద్దు. మత్తు ఇంజెక్షన్ గతంలో ఎప్పుడైనా పడకపోతే చెప్పాలి. రక్తం పలచబడే మందులేవైనా వాడుతుంటే తేదీ ఖాయం చేసుకునేటప్పుడే చెప్పండి. డాక్టరును అడగకుండా వాటిని మీ అంతట మీరు ఆపొద్దు.